బెల్టు మారినా వదలని కటా

సిద్దిపేటలో, ఆ మాటకొస్తే గజ్వేల్, దుబ్బాక, హుస్నాబాద్‌లలో కూడా, పిల్లల్ని కరాటేలో చేర్పించే తల్లిదండ్రుల లెక్కలు ఇంచుమించు ఒకటే. అమ్మాయికి ధైర్యం రావాలి. అబ్బాయి ఫోను పక్కన పెట్టాలి. ఒళ్ళు కాస్త గట్టిపడాలి. చేతికి ఒక స్పోర్ట్స్ సర్టిఫికెట్ వస్తే రేపెక్కడైనా అక్కరకొస్తుంది. పిల్లల లెక్క వేరు. వాళ్ళ కళ్ళ ముందు ఉండేది సినిమా ఫైటు, గాల్లోకి లేచే కిక్కు, బడి వార్షికోత్సవంలో మోచేత్తో బెంగుళూరు పెంకులు పగలగొట్టే సీనియర్. "మావాడికి కటా నేర్పండి సార్" అని అడిగినవాళ్ళు బహుశా ఎవరూ ఉండరు. చేరిన తొలి నెలల్లో కటా అంటే పిల్లలకు విసుగే. ఎదురుగా మనిషి ఉండడు, గెలుపూ ఓటమీ ఉండదు, చేసిందే మళ్ళీ చేయాలి. అయినా పదేళ్ళపాటు కరాటే వదలకుండా ఉన్నవాళ్ళను పలకరిస్తే మాట చివరికి కటా దగ్గరికే వస్తుంది. నీకిష్టమైన కటా ఏదంటే తడుముకోకుండా పేరు చెప్తారు, వెంటనే ఆ కటాలో తమకు నచ్చిన ఒక కదలికను చేతుల్తో చూపించడం మొదలుపెడతారు. విసుగుతో మొదలైంది ఇష్టంగా ఎలా మారుతుంది, ఆ ఇష్టం దేనికి పుడుతుంది అన్నది మన పట్టణాల్లో కరాటే నేర్పేవాళ్ళూ నేర్పించేవాళ్ళూ కాస్త ఆలోచించాల్సిన సంగతి. నా వాదన ఇది: కరాటేలోకి మనిషిని తీసుకొచ్చేవి ఫైటూ బెల్టూ అయితే కావచ్చు గాని, అందులో నిలబెట్టేది ఇష్టమైన కటా ఒక్కటే. ఆ ఇష్టం కుదరడానికి వ్యవధి ఇవ్వని క్లాసు పిల్లల్ని తొందరగానే పోగొట్టుకుంటుంది.

కటా ఏమిటో తెలియనివాళ్ళకు నాలుగు మాటలు. పంచ్‌లు, కిక్‌లు, దెబ్బను కాచుకునే బ్లాక్‌లు, నిలబడే తీరులు, తిరిగే మలుపులు, అన్నీ మార్చడానికి వీల్లేని వరుసలో ఒంటరిగా చేసే సాధన కటా. షోటోకాన్ పద్ధతిలో అందరూ ముందు నేర్చేది హేయాన్ షోదాన్. అందులో 21 కదలికలు. పిల్ల రెండు పిడికిళ్ళూ ముందుంచుకుని నిలబడుతుంది. ఎడమవైపు తిరిగి, ముందు మోకాలు వంచి, వెనక కాలు చాపి, ఎడమ చేతిని కిందికి కొట్టి ఒక బ్లాక్ చేస్తుంది. ఒక అడుగు ముందుకేసి కుడిచేత్తో పంచ్. అక్కణ్ణుంచి పూర్తిగా వెనక్కి తిరిగి మళ్ళీ బ్లాక్. ఈసారి ఆ చేతిని ఎవరో పట్టుకున్నట్టు, ముందు కాలిని వెనక్కి లాక్కుంటూ చేతిని విడిపించుకుని, పైనుంచి గుండ్రంగా తిప్పి పిడికిలి అడుగుతో కొట్టాలి. తర్వాత మధ్య గీత మీద ముందుకు నడుస్తూ తలకు అడ్డంగా మూడు బ్లాక్‌లు, మూడోదానికి గట్టిగా ఒక కేక. ఇలా వెళ్ళి, వచ్చి, చివరికి మొదట నిలబడ్డ చోటే ఆగాలి. ఆగకపోతే మధ్యలో ఎక్కడో అడుగు పొడవో పొట్టో అయినట్టే. ఏ అడుగు తప్పిందో మాస్టర్ చెప్పనక్కర్లేదు, నిలబడ్డ చోటే చెప్పేస్తుంది. తొమ్మిదేళ్ళ పిల్లకు కటాలో తగిలే మొదటి రుచి ఇదేనని నా అనుమానం. తన తప్పు తనకే తెలియడం, రేపు దాన్ని తానే సరిచేసుకోగలగడం.

ఈ కటా బడి పిల్లల కోసమే పుట్టిందన్న సంగతి చాలామందికి తెలియదు. జపాన్‌కు దక్షిణాన ఒకినావా దీవుల్లో కరాటే అంటే ఒకప్పుడు ఒక గురువు, ఇద్దరు ముగ్గురు శిష్యులు, చాటుగా సాగే సాధన. అంకో ఇతోసు అనే గురువు 1901 ప్రాంతంలో దాన్ని షురి పట్టణంలోని ప్రాథమిక పాఠశాలలోకి తెచ్చాడు. పాత కటాలు పొడుగు, కష్టం. ఒకేసారి యాభైమంది పిల్లలకు నేర్పడానికి పనికిరావు. అందుకని 1905-07 ప్రాంతంలో వాటినుంచి ముక్కలు తీసుకుని ఐదు చిన్న కటాలు కూర్చాడు. ఒకినావాలో వాటిని పినాన్ అన్నారు. తర్వాత ఆయన శిష్యుడు గిచిన్ ఫునకోషి జపాన్‌లో వాటికి హేయాన్ అని పేరు మార్చాడు. ఇవాళ సిద్దిపేటలో ఏ బడి మైదానంలోనైనా ముప్ఫైమంది పిల్లలు మాస్టర్ లెక్కకు తగ్గట్టు ఒకేసారి మలుపు తిరుగుతున్నారంటే, అది నూరేళ్ళ కింద ఒక దీవిలో సర్కారు బడి అవసరానికి తయారైన పాఠమే. 1940లో గోజు-ర్యు పద్ధతి స్థాపకుడు చోజున్ మియాగి కూడా కొత్తవాళ్ళ కోసం గెకిసాయ్ అనే సులువైన కటాలు కూర్చాడు. అంటే పెద్ద గురువులకే ఈ బెంగ ఉండేది: కొత్తవాడి ఒంటికి అందే కొలతలో ఇవ్వకపోతే వాడు నిలవడు.

అయితే ఇష్టమైన కటా ఏదని అడిగితే హేయాన్ పేరు చెప్పేవాళ్ళు తక్కువే. ఇష్టం సాధారణంగా తర్వాతి మెట్టులో కుదురుతుంది, కటాలు ఒకదానికొకటి పోలిక లేకుండా విడిపోయే చోట. సన్నగా, చురుగ్గా ఉన్నవాళ్ళు ఎంపి వైపు మొగ్గుతారు. అది మొదలవడమే ఒక మోకాలిమీదికి దిగి కింద బ్లాక్ చేయడంతో, వెంటనే లేచి నిలబడి, తర్వాత కిందనుంచి గడ్డం ఎత్తుకు ఎగదోసే పంచ్, ముందుకు దూకుడు, చివర గాల్లో ఒక మలుపు. 37 కదలికలు అయిపోయేసరికి ఎగిరి వాలిన అనుభూతి ఉంటుంది. బరువుగా, గట్టిగా ఉన్నవాళ్ళకు ఎంపి అంతగా కుదరదు, బస్సాయ్ దాయ్‌లోనో జియోన్‌లోనో వాళ్ళు వెలుగుతారు. బస్సాయ్ దాయ్ మొదటి కదలికలోనే ఒళ్ళంతా ముందుకు విసిరి, ఒక కాలు మరో కాలి వెనక ఆన్చి, ఒక చేతికి రెండో చేతిని దన్నుగా పెట్టి ఆగాలి. తలుపు తోసుకుని లోపలికి వచ్చినట్టు ఉంటుంది. గన్‌కాకులో ఒంటికాలిమీద మళ్ళీ మళ్ళీ నిలవాలి, తొణకని ఓపిక ఉన్నవాళ్ళకే అది. ఉన్సులో గాల్లోకి లేచి ఒక చుట్టు తిరిగి కిందకు వాలే దూకుడు ఉంది. ఫోన్లలో వీడియోలు చూసే కుర్రాళ్ళందరికీ ముందుగా కావలసింది అదే. ఒక మాట పక్కన చెప్పుకోవాలి: సిమెంటు దాబాల మీద ఉన్సు దూకుడు నేర్పడం మోకాళ్ళతో చెలగాటం. మట్టినేలో, మ్యాటో ఉంటే తప్ప దాని జోలికి పోకపోవడం మంచిది.

గోజు-ర్యులో సాంచిన్ అని ఒకటుంది. చూసేవాడికి అందులో ఏమీ కనిపించదు. మోకాళ్ళు లోపలికి బిగించి, చిన్న అడుగులు వేస్తూ, ఊపిరిని కడుపులోంచి లాగి వదులుతూ, ఒంట్లో ప్రతి కండరాన్నీ బిగబట్టి నెమ్మదిగా చేతులు చాపడం, అంతే. మాస్టర్ వెనక నిలబడి అరచేతులతో భుజాలమీద, వీపుమీద చరుస్తూ బిగువు ఎక్కడ సడలిందో వెతుకుతాడు. అది అయ్యేసరికి చెమట ధారలు కడుతుంది. సాంచిన్ అంటే ప్రాణమిచ్చేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ ముందు ఎగురుళ్ళూ దూకుళ్ళూ మెచ్చుకుంటే పెదవి విరుస్తారు. ఇలా ఎవరికేది నచ్చుతుందన్నది చాలావరకు కాళ్ళ పొడవు, నడుము తీరు, మనిషి స్వభావం తేల్చే సంగతి. క్లాసులో అందరికీ ఒకేలా వినబడే జపనీస్ "ఇచ్చి, ని, సన్" లెక్క వెనక ప్రతివాడూ తన ఒంటితో విడిగా ఒక బేరం కుదుర్చుకుంటున్నాడు. కుమితేలో, అంటే ఎదురెదురు పోరులో, పొట్టివాడు పొడుగువాడి చేతి కొలతకు తగ్గట్టు మారక తప్పదు. కటాలో తన కొలతే తనకు ప్రమాణం. పోరులో ఎప్పుడూ ఓడే పిల్ల కటాలో తలెత్తుకుని నిలబడటానికి కారణం ఇదే.

కానీ ఒంటికి సరిపోవడం ఒక్కటే ఇష్టానికి కారణమైతే, అందరూ తమకు సులువైనదాన్నే ప్రేమించి ఊరుకునేవాళ్ళు. జరిగింది అది కాదు. కరాటే చరిత్రలో ఇద్దరు పెద్దవాళ్ళ ఇష్టాలు చూడండి. ఒకరు ఫునకోషి, 1922లో టోక్యోకి వెళ్ళి కరాటేను జపాన్ ప్రధాన భూభాగానికి పరిచయం చేసిన బడిపంతులు, మృదువైన మనిషి. ఇంకొకరు చోకి మోతోబు, వీధి పోరాటాల్లో పేరు మోసినవాడు, జపాన్‌లో ఒక విదేశీ బాక్సర్‌ను పడగొట్టాడని పత్రికలకెక్కినవాడు. ఈ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడేది కాదు. అయినా ఇద్దరి జీవితాల్లోనూ ఒకే కటా పెద్ద పీట వేసుకుని కూర్చుంది. దాన్ని ఒకినావాలో నైహాంచి అంటారు, ఫునకోషి టెక్కి అని పేరు మార్చాడు. గుర్రమెక్కినట్టు కాళ్ళు ఎడంగా పెట్టి, ముందుకూ వెనక్కూ ఒక్క అడుగు కూడా వేయకుండా, ఒక కాలిని ఇంకో కాలి ముందునుంచి దాటిస్తూ పక్కకే నడవాలి. టెక్కి షోదాన్‌లో 29 కదలికలు, అవన్నీ ఒకే సరళరేఖ మీద. కరాటేలో ఇంత చప్పగా కనిపించే కటా ఇంకోటి ఉండదేమో. టెక్కి పేరుతో ఉన్న మూడు కటాల మీదే పదేళ్ళు గడిపినట్టు ఫునకోషి రాసుకున్నాడు. మోతోబు 1932లో రాసిన పుస్తకంలో చూపించిన కటా కూడా ఇదే. ఎగిరేదీ దూకేదీ లేని ఈ కటా ఇద్దరు భిన్నమైన మనుషులను జీవితాంతం పట్టుకుందంటే, ఇష్టానికి రెండో కారణం వెతకాలి. అది కాలం. కొన్ని వందలసార్లు చేశాక, కంటికి కనిపించని తేడా ఒంటికి తెలియడం మొదలవుతుంది.

ఆ తేడా ఏమిటో ఒక ప్రయోగం కొంత చూపించింది. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2012లో పన్నెండుమంది కరాటే బ్లాక్ బెల్టులను, శరీర దారుఢ్యం ఉండి కరాటే తెలియని మరో పన్నెండుమందిని తీసుకుని, చాలా దగ్గరనుంచి పంచ్ కొట్టించి కొలిచారు. ఇంత తక్కువ దూరంలో చెయ్యి ఊపందుకోవడానికి చోటే ఉండదు. బ్లాక్ బెల్టుల దెబ్బ బలంగా తగిలింది. తేడా తెచ్చింది కండబలం కాదు, భుజమూ మణికట్టూ తమ అత్యధిక వేగాన్ని అందుకునే క్షణాలు ఒకదానితో ఒకటి కలిసిరావడం. ఆ కలయిక ఎంత బాగా కుదిరిందన్నదానికీ, మెదడులో కదలికలను నడిపించే భాగాల అల్లికకూ సంబంధం కనిపించింది. ఈ ప్రయోగం కటా గురించి కాదు, పంచ్ గురించి. అయినా కటా చేసేవాళ్ళు "ఇవాళ కుదిరింది" అని మురిసిపోయేది దేన్ని చూసుకునో ఇక్కడ అర్థమవుతుంది. మడమ నేలను తన్నడం, నడుము తిరగడం, భుజం వదులవడం, పిడికిలి బిగుసుకోవడం అన్నీ ఒకే క్షణంలో వచ్చి కలిసినప్పుడు తెల్ల డ్రెస్సు చేతి గుడ్డ టప్పుమని చప్పుడు చేస్తుంది. బయటివాడికి అది ఒట్టి చప్పుడు. చేసినవాడు మాత్రం రేపు మళ్ళీ మైదానానికి వచ్చేది దాని కోసమే. తెలియని కటాలో ఆ క్షణం దొరకదు, ఎందుకంటే తర్వాత ఏం చేయాలన్న ఆలోచనే మనసును ఆక్రమిస్తుంది. బాగా నలిగిన కటాలోనే దొరుకుతుంది. అందుకే ఇష్టమైన కటా దాదాపు ఎప్పుడూ కొత్త కటా కాదు.

చూసేవాడి ఆనందమూ ఇలాంటిదే. 2021 ఆగస్టు 5న టోక్యోలో ఒలింపిక్స్ మహిళల కటా ఫైనల్ జరిగింది. ఒకవైపు జపాన్ అమ్మాయి కియో షిమిజు, 27 ఏళ్ళు. మరోవైపు స్పెయిన్‌కు చెందిన సాండ్రా సాంచెజ్, 39 ఏళ్ళు. పోటీ నిబంధనల పట్టికలో నూటికి పైగా కటాలు ఉండగా, బంగారు పతకం కోసం ఇద్దరూ ఎంచుకున్నది ఒకటే, చతన్యారా కుషాంకు. కదలికలు అవే, వరుస అదే. 28.06 పాయింట్లతో సాంచెజ్ గెలిచింది, షిమిజుకు 27.88 వచ్చాయి. ఏం జరగబోతోందో ముందే తెలిసిన దాన్ని కళ్ళార్పకుండా చూడటం ఎందుకు అని ఎవరైనా అడిగితే, కొమురవెల్లి జాతరలో మల్లన్న కథ వినేవాళ్ళను అడగాలి. కథ వాళ్ళకు పుట్టినప్పటినుంచీ తెలుసు. ఆ కథ చెప్పే ఒగ్గు కళాకారుడు ఎక్కడ ఆపుతాడు, ఎక్కడ డోలు ముందుకు తోస్తుంది, ఎక్కడ గొంతు దించుతాడు అన్నదానికే వాళ్ళు రాత్రంతా కూర్చుంటారు. మళ్ళీ కటాకే వస్తే, కుషాంకు కుటుంబానికే చెందిన కటా షోటోకాన్‌లోని కాంకు దాయ్. ఫునకోషికి ప్రీతిపాత్రమైనది, టోక్యోకి వచ్చిన కొత్తలో జూడో కేంద్రమైన కొదొకాన్‌లో ఆయన ప్రదర్శించింది ఇదే. దాని మొదట్లో రెండు అరచేతులూ ఒకదానిమీద ఒకటి చేర్చి, వేళ్ళమధ్య త్రికోణంలాంటి సందు ఉంచి, నెమ్మదిగా నెత్తిమీదికి ఎత్తుతారు. ఆ సందులోంచి పైకి చూపు. ఒక్కసారిగా చేతులు విడిపోయి, పెద్ద చుట్టు తిరిగి కిందికొచ్చి, కడుపు ముందు ఒక అరచేతి అంచు ఇంకో అరచేతిలో పడుతుంది. తర్వాత అరవైకి పైగా కదలికలు వరదలా వస్తాయి గాని, చేసేవాడి స్థాయి ఆ మొదటి అయిదారు సెకన్లలోనే తెలిసిపోతుంది. తొందరపడేవాడు అక్కడే దొరికిపోతాడు.

ఇక అభ్యంతరాలు. అన్నిటికన్నా గట్టిది పోరాటం తెలిసినవాళ్ళు వేసేదే: నిజమైన కొట్లాటలో ఎవడూ వరుసగా 21 కదలికలు చేయడు, ఎదుటివాడు నీ కటా ప్రకారం రాడు, కాబట్టి కటా దండగ. ఇందులో నిజం ఉంది. కదలని గాలిని కొట్టడం వేరు, కదిలే మనిషిని కొట్టడం వేరు. కటా ఒక్కటే చేసి పోరాటం వచ్చేసిందనుకున్నవాడు మొదటి దెబ్బకే మేలుకుంటాడు. ఇతోసు పిల్లల కోసం కటాలు కూర్చినప్పుడు ప్రమాదకరమైన అర్థాలను దాచిపెట్టాడని, అప్పటినుంచే కటా వ్యాయామంగా మిగిలిపోయిందని కరాటే లోపలివాళ్ళే విమర్శిస్తారు. దీనికి జవాబుగా కటాలోని ప్రతి కదలికనూ జతగాడితో విడదీసి చూపే బుంకాయ్ అనే అధ్యయనం ఉంది. హేయాన్ షోదాన్‌లో చేతిని వెనక్కి లాక్కునే ఆ కదలిక, మణికట్టు పట్టుకున్నవాణ్ణుంచి విడిపించుకోవడమని బుంకాయ్‌లోనే తెలుస్తుంది. మన క్లాసుల్లో దీనికి కేటాయించే సమయం తక్కువ, అది నిజమైన లోటు. అయినా కటా దండగ అన్న మాట ఒప్పుకోవడానికి మోతోబు అడ్డొస్తాడు. వీధుల్లో కొట్టి నేర్చినవాడు, ప్రదర్శనలను ఎగతాళి చేసినవాడు, చప్పటి నైహాంచిని మాత్రం వదల్లేదు. పోరాటానికి కటా చాలదు అన్నదానికీ, పోరాటానికి కటా అక్కర్లేదు అన్నదానికీ మధ్య ఎడం చాలా ఉంది.

రెండో అభ్యంతరం ఆడపిల్లల భద్రత వైపునుంచి వస్తుంది. సమగ్ర శిక్ష కింద సర్కారు బడుల్లో ఆరునుంచి పన్నెండో తరగతి దాకా అమ్మాయిలకు రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షణ శిక్షణ పథకం ఉంది. మూడు నెలల శిక్షణ, దానికి బడికి నెలకు 5 వేల రూపాయల చొప్పున కేటాయింపు. ఉన్నదే మూడు నెలలైతే అందులో కటా నేర్పి కాలం వృథా చేయడమెందుకు, చెయ్యి విడిపించుకోవడం, మోకాలితో తన్నడం, అరవడం, పరుగెత్తడం నేర్పితే చాలదా అంటారు. వాటికి మొదటి చోటు ఇవ్వాల్సిందే, అనుమానమే లేదు. ఆపదలో ఉన్న పిల్లకు గన్‌కాకు కన్నా గొంతెత్తి అరిచే అలవాటూ, 112కి ఫోను చేయాలన్న జ్ఞాపకమూ ఎక్కువ పనికొస్తాయి. 2014లో మొదలైన పోలీసుల షీ టీమ్స్ గురించి తెలియడం కూడా ఆత్మరక్షణలో భాగమే. కానీ నాలుగో నెలలో ఏమవుతుంది? మాస్టర్ రావడం ఆగిపోతుంది. విడివిడిగా నేర్చిన పది దెబ్బలు, జతగాడు లేకుండా ఇంటి దగ్గర చేయడానికి వీల్లేనివి, సంక్రాంతి సెలవులు దాటేలోపే మరుగున పడతాయి. ఒక్క హేయాన్ షోదాన్ గట్టిగా వచ్చిన పిల్లకు మాత్రం చేతిలో ఒక కట్ట ఉంటుంది. హాస్టల్ వరండాలోనో, ఇంటి దాబామీదో, ఎవరి సాయమూ, ఏ సామానూ లేకుండా, ఒక్క నిమిషంలో మొత్తం గుర్తు చేసుకోవచ్చు. చోటు మరీ ఇరుకైతే టెక్కి ఉంది, అది గోడవెంట నాలుగడుగుల్లో అయిపోతుంది. మూడు నెలల శిక్షణ మూడేళ్ళు మిగలాలంటే, చివరి నెలలో ఒక్క కటా నేర్పి పంపడం కన్నా చవకైన ఉపాయం నాకు కనిపించడం లేదు.

బెల్టుల వ్యవహారం మాత్రం చేదుగానే చెప్పుకోవాలి. కటాలను ఇష్టపడతారన్నది పెద్దలు చెప్పుకునే కబురే గాని, పిల్లలు నేర్చేది గ్రేడింగ్ కోసం, తల్లిదండ్రులు ఫీజు కట్టేది రంగు మారడం కోసం అన్న విమర్శ తప్పని కొట్టిపారేయలేం. ఒక్కో బెల్టుకు ఒక్కో కటా అన్న పద్ధతిలో, పరీక్ష అయిపోగానే పాత కటా అటకెక్కుతుంది. ఎల్లో బెల్టు వచ్చిన రోజే ఎల్లో బెల్టు కటాను మరిచిపోవడానికి అనుమతి దొరికినట్టవుతుంది. పదో తరగతి ముందు క్లాసు మానేసే పిల్లవాడికి అప్పటికి అయిదారు కటాలు వచ్చి ఉంటాయి, ఒక్కటీ తనది అయి ఉండదు. అయితే ఈ విమర్శ కటాను ఓడించదు, కటాను పరీక్ష ప్రశ్నగా మార్చిన పద్ధతిని ఓడిస్తుంది. ఒకినావాలో పాత మాట ఒకటి చెప్తారు, ఒక కటాకు మూడేళ్ళు అని. మూడేళ్ళు ఎవరిస్తారు ఈ రోజుల్లో అనుకోవచ్చు. గ్రేడింగ్ కటాలు ఎలాగూ నేర్పక తప్పదు. వాటితోపాటు, ఏడాదికోసారి ప్రతి పిల్లనూ నీకు నచ్చినదేదో ఎంచుకో, దాన్ని వదలకు అని చెప్పడానికి అదనపు ఫీజు అక్కర్లేదు. పోటీల్లో పతకాలకు కూడా ఇదేమీ అడ్డం కాదు. టోక్యో ఒలింపిక్స్ పద్ధతిలో ఒకసారి చేసిన కటాను తర్వాతి రౌండులో మళ్ళీ చేయనివ్వరు కాబట్టి క్రీడాకారులకు చాలా కటాలు రావాలి, కానీ ఫైనల్ దాకా దాచుకునేది తమకు బాగా పట్టుబడ్డదాన్నే.

చివరగా, ఇదంతా మనది కాదు కదా, కర్రసాము ఉన్న నేలమీద జపాన్ వరుసలెందుకు అనే మాట. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగనాడు, బోనాల ఊరేగింపుల్లో కర్రసాము ఇంకా కనబడుతుంది. పాత పట్టణాల్లో తాలింఖానాల, అంటే వ్యాయామశాలల, జ్ఞాపకం ఇంకా పోలేదు. పోరాట కదలికలను ఒక వరుసలో పెట్టి దాచుకోవాలన్న ఆలోచన కూడా మనకు కొత్తది కాదు. కాకతీయుల సేనాని జాయప పదమూడో శతాబ్దంలో నృత్తరత్నావళి రాశాడు. దాన్నీ, పాలంపేట రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకుని నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఇరవయ్యో శతాబ్దంలో పేరిణి నృత్యాన్ని మళ్ళీ నిలబెట్టారు. యుద్ధానికి పోయే వీరుల తాండవమది. కానీ దాన్ని శిల్పాలు చూసి తిరిగి అల్లుకోవలసి వచ్చిందంటే, మధ్యలో తాడు తెగిందన్నమాటే. ఒకినావాలో తాడు తెగకపోవడానికి ఒక ముఖ్య కారణం బడి. ఇతోసు చేసినట్టు, కర్రసామును బడి పిల్లల కొలతకు చిన్న చిన్న వరుసలుగా కూర్చి, మెట్లు పెట్టి, పక్క ఊరికి కూడా అదే రూపంలో పంపగలిగే పని మన దగ్గర పెద్ద ఎత్తున జరగలేదు. ఆ లోటుకు కరాటేను తప్పుపట్టి లాభం లేదు. ఇంకో సంగతి, కుషాంకు అనే పేరే ఒకినావాకు వచ్చిన ఒక చైనా రాయబారిదని చెప్తారు. చైనానుంచి ఒకినావాకు, అక్కణ్ణుంచి టోక్యోకు వెళ్ళిన కటా స్పెయిన్ మహిళకు బంగారు పతకం తెచ్చినప్పుడు, సిద్దిపేట పిల్లకు పరాయిదని ఎలా అంటాం?

నలభై దాటినవాళ్ళ సంగతి మన పట్టణాల్లో ఎవరూ ఎత్తరు. కుమితే కుర్రతనానిది. మోకాలు, రిఫ్లెక్స్ రెండూ తగ్గాక దాన్ని వదులుకోవాల్సిందే. కటా అలా కాదు, వయసుతోపాటు మార్చుకోవచ్చు. ఉన్సు వదిలి టెక్కికి, టెక్కినుంచి సాంచిన్‌కు. జర్మనీలోని రెగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 67నుంచి 93 ఏళ్ళ మధ్యవాళ్ళకు కరాటే నేర్పించి 2012లో ఫలితాలు ప్రచురించారు. జ్ఞాపకశక్తి అమాంతం పెరిగిందని వాళ్ళేమీ చెప్పలేదు గాని, కరాటే నేర్చినవాళ్ళలో మనసు కుంగుదల తగ్గినట్టు గమనించారు. పొద్దున్నే సిద్దిపేట కోమటి చెరువు కట్టమీద నడిచే పెద్దవాళ్ళలో ఒక పదిమందిని కూడగట్టి, పక్కనున్న ఖాళీ జాగాలో హేయాన్ షోదాన్ మెల్లగా నేర్పే మాస్టర్ ఎవరైనా ముందుకొస్తే, దానికి బెల్టు పరీక్షా అక్కర్లేదు, తెల్ల డ్రెస్సు కూడా అక్కర్లేదు. పంచ్ ఎంత గట్టిగా పడిందన్న పట్టింపు ఉండదు, ఎగరమని అడిగేవాళ్ళుండరు. తమ మనవళ్ళు రోజూ చేస్తున్నదేమిటో వాళ్ళకు ఒంటితో తెలుస్తుంది, మనవడు ఎక్కడ అడుగు పొట్టిగా వేస్తున్నాడో పట్టుకునే అవకాశం కూడా దొరుకుతుంది.